మెత్తని పొలములో బరువుపెట్టెను తరలించుట

ఇటీవల మన డెల్టా గ్రామములలో విత్తనములు, మందుచల్లు యంత్రములు, మోటారు సామానులు దాచుకొనుటకై ఓడరేవులలో వాడి విడిచిన ఉక్కుపెట్టెలను, అనగా కంటైనరులను, కొని తెచ్చుకొను వాడుక ప్రబలుచున్నది. ఆ పెట్టె వానకు తడియదు. దానిని ఎలుక కొఱుకజాలదు. తాళము వేసినచో దొంగ చొరలేడు. కొట్టుగది కట్టించుటకన్న త్వరగా సిద్ధమగును. ఇన్ని లాభములుండగా దానిని కొనవలదని మేము చెప్పబోము. కాని కొనువారందఱును ధర యెంతయని యడుగుచున్నారే గాని, రోడ్డు దిగిన పిమ్మట అది పొలములోనికి ఎట్లు పోవునని యడుగువారు అరుదు. మేమును అడుగలేదు. అందువలన మా సంఘమునకు కలిగిన నష్టమును, తృటిలో తప్పిన ప్రాణాపాయమును, తరువాత మేము నేర్చుకొన్న ఉపాయమును సభ్యుల మేలుకోరి ఇందు వివరించుచున్నాము.

పెట్టె స్వరూపము

ఈ పెట్టెల చరిత్ర మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1956వ సంవత్సరము ఏప్రిలు 26వ తేదీని అమెరికా దేశములో మాల్కం మెక్లీన్ అను లారీ రవాణా వ్యాపారి 58 పెట్టెలను ఐడియల్ ఎక్స్ అను ఓడపై నెక్కించి నెవార్కు రేవునుండి హ్యూస్టనుకు పంపెను. తరువాత లోకమంతటను ఒకే కొలతకు వీనిని చేయుట స్థిరపడినది. ఒకే పెట్టె ఓడకును, రైలుబండికిని, లారీకిని సరిపోవును.

మన గ్రామములకు వచ్చునది సామాన్యముగా ఇరువది అడుగుల పెట్టె. దాని పొడవు 6 మీటర్లు దాటి కొంచెము, వెడల్పు 2.44 మీటర్లు, ఎత్తు 2.59 మీటర్లు. ఖాళీ పెట్టె బరువు 2,200 మొదలు 2,300 కిలోల వరకు ఉండును. నలువది అడుగుల పెట్టెయైనచో సుమారు 3,700 కిలోలుండును. పెట్టె నాలుగు మూలలను గట్టి ఉక్కుదిమ్మెలు కలవు. క్రేనుకొక్కెములు తగిలించుటకును, లారీపై బిగించుటకును ఆ దిమ్మెలే ఆధారము. అడుగుభాగమున ఈ దిమ్మెలు తక్కిన అడ్డుదూలములకన్న ఒక సెంటీమీటరు పైగా క్రిందికి పొడుచుకొని యుండును. పెట్టెను చదునుగా నేలపై నుంచినపుడు బరువంతయు మొదట ఈ నాలుగు దిమ్మెలమీదనే పడును. ఈ చిన్న సంగతిని తెలియకపోవుటయే మా కష్టములకు మూలమైనది.

మేము చేసిన తప్పు

2022వ సంవత్సరము డిసెంబరు నెలలో సార్వా వరికోతలు ముగిసిన వెంటనే మా పెట్టె లారీమీద వచ్చినది. పెట్టెను ఉంచదలచిన సంఘపు కళ్ళము రోడ్డునకు 150 గజముల లోపల నున్నది. నడుమ నున్నది ఒక కౌలుదారు సాగుచేయు నల్లరేగడి మాగాణి. వరి కోయకమునుపే చల్లిన మినుము అందులో అప్పుడే రెండాకులు వేసి పచ్చగా కనిపించుచుండెను. కౌలుదారు వచ్చి, "భూమి ఆసామిదే, ఈ యేటి పంట మాత్రము నాది బాబూ. నాలుగు నెలలు ఆగరాదా?" యని యడిగెను. ఒక ప్రక్క మాత్రమే పోవుదుమనియు, పాడైన మేరకు వెల ఇత్తుమనియు చెప్పి మేము అతనిని ఒప్పించితిమి. ఒప్పించితిమనుటకన్న నోరు మూయించితిమనుట సత్యమునకు దగ్గర.

హైడ్రా క్రేను పెట్టెను రోడ్డు మార్జినులో దింపి వెడలిపోయెను. దాని బరువే పది టన్నుల పైమాట. దానిని మడిలోనికి దింపుటకు నడుపువాడు ఒప్పుకొనలేదు. ఆతని తెలివి మాకు లేకపోయెను. రెండు ట్రాక్టరులను కట్టి తీగమోకుతో ఈడ్పించితిమి. మొదటి పది గజములు పెట్టె జారెను. పిమ్మట ముందు మూలలు రెండును మట్టిలో దిగి నాగలివలె దున్నసాగెను. పెట్టె ముందు మట్టి గుట్టగా పేరుకొనెను. ట్రాక్టరుల వెనుకచక్రములు తిరిగినచోటనే తిరిగి మోకాలిలోతు గుంటలు చేసెను. అయినను మేము ఆపలేదు. "ఇంకొంచెము, ఇంకొంచెము" అనుచుండగనే, ముప్పది గజములు పోవునప్పటికి మోకు తెగినది.

తెగిన తీగమోకు కొస గాలిలో ఈలవేయుచు వచ్చి ట్రాక్టరు మడ్గార్డును తాకి దానిని కాగితమువలె చీల్చివైచెను. నడుపుచున్న యువకుని తలకు, ఆ దెబ్బకు నడుమ జానెడు దూరము మాత్రమే యుండెను. అంతటితో పని ఆపితిమి. పెట్టె నాలుగు నెలలు ఆ మడిలోనే ఒరిగి యుండెను. దారిని పోవువారెల్ల దానిని చూచి నవ్విరి. మాకు నవ్వు రాలేదు; ఆ యువకుని తల్లి ఆనాటి సాయంకాలము సంఘ కార్యాలయమునకు వచ్చి ఏమియు మాటలాడక కొంతసేపు నిలుచుండి వెడలిపోయినది.

పెట్టె యేల దిగబడినది?

నేల మోయునది బరువును కాదు, ఒత్తిడిని. బరువును అది ఆనిన వైశాల్యముచేత భాగించిన వచ్చునదే ఒత్తిడి. ఒక్కొక్క మూలదిమ్మె అడుగు సుమారు 17.8 సెంటీమీటర్ల పొడవు, 16.2 సెంటీమీటర్ల వెడల్పు కలది; అనగా 288 చదరపు సెంటీమీటర్లు. నాలుగును కలిపి 1,152. పెట్టె బరువు 2,300 కిలోలు గనుక చదరపు సెంటీమీటరునకు రెండు కిలోల ఒత్తిడి పడును. అఱువది కిలోల మనిషి నడచునపుడు ఒంటికాలిపై నిలుచు సమయమున అతని పాదము క్రింద పడు ఒత్తిడి సుమారు 300 గ్రాములు మాత్రమే. మనుష్యుడు చీలమండ వఱకు దిగబడు మడిలో ఆ పెట్టె గతి యేమగునో ఊహించుకొనవచ్చును.

కట్టడముల పునాదులు వేయువారు మట్టిబలమును తెలిసికొనుటకు బొటనవ్రేలి పరీక్ష నొకదానిని చెప్పుదురు. మోస్తరుగా నొక్కిన వ్రేలు గుంటపడు బంకమట్టి చదరపు సెంటీమీటరునకు స్థూలముగా ఒక కిలో భారమునకు ఓర్చును. వ్రేలు కొన్ని సెంటీమీటర్లు లోపలికి పోవు మట్టి అందులో సగమునకే ఓర్చును. మా మడి ఈ రెండవ తరగతిది. దానిపై రెండు కిలోలు మోపి, దిగబడినదని ఆశ్చర్యపడితిమి.

దిగబడిన దానిని ఈడ్చుటలో మఱియొక చిక్కు కలదు. తడిసిన బంకమట్టి అడుగున అంటుకొని పట్టును. ముందు పేరుకొన్న మట్టిని త్రోయుటకు మఱికొంత బలము కావలెను. ట్రాక్టరు మాత్రము తన బరువును మించి లాగజాలదు. గట్టి నేలపై తన బరువులో సగమునకు కొంచెము పైగా లాగును. తడినేలపై అంతయు లాగలేదు. గుఱ్ఱపు బలమెంత యున్నను చక్రమునకు పట్టు లేనిచో ఆ బలము గుంట త్రవ్వుటకే వినియోగపడును. కావున బరువు కదలనపుడు రెండవ ట్రాక్టరును తెచ్చుట విరుగుడు కాదు. బరువును వెడల్పుగా ఆనించుటయే విరుగుడు.

కాలము కొఱకు వేచియుండుట

మెత్తని నేలలో బరువు కదలించిన చరిత్రలలో పిడుగురాయి యని పేరుపడిన రష్యాదేశపు శిల చరిత్ర తెలిసికొనదగినది. సెంట్ పీటర్సుబర్గు నగరమున పీటరు చక్రవర్తి విగ్రహమునకు పీఠముగా నుంచుటకై కాథరిన్ రాణి ప్రభుత్వమువారు వెయ్యి టన్నులకు మించిన యొక శిలను ఎన్నుకొనిరి. అది చిత్తడినేలలో సగము పూడి యుండెను. పని నడిపించిన కార్బూరి యను గ్రీకు ఇంజనీరు, నేల మంచుచేత గడ్డకట్టు శీతకాలము వచ్చువఱకు ఆగెను. 1769-70 సంవత్సరముల శీతకాలమున పలకలలో గాళ్లు చేసి, వానిలో కంచుగుండ్లు పరచి, వానిపై శిలను నడిపించెను. శిల దాటిన పిమ్మట వెనుకటి పలకలను తీసి ముందు పరచుచు పోయిరి. సుమారు నాలుగు వందలమంది, చేతితో త్రిప్పు రాట్నములతో లాగి, ఆరు కిలోమీటర్ల దూరమునగల సముద్రతీరమునకు చేర్చిరి.

ఆ దేశములో నేల శీతకాలమున గట్టిపడును. మన దేశములో వేసవియందు గట్టిపడును. ఇంతియే భేదము. మన డెల్టాలో మినుము తీసి, కాలువలు కట్టిన తరువాత ఏప్రిలు నెలలో నల్లరేగడి ఎండి బీటలు వాఱును. డిసెంబరులో వ్రేలితో గుచ్చదగిన మట్టి అప్పుడు పలుగునకును లొంగదు. అయితే పైపొరను చూచి మోసపోరాదు. పైన పెచ్చుకట్టి, జానెడు లోతున తడి నిలిచియుండుట కలదు. పోవలసిన దారి పొడవునను పదేసి అడుగుల కొకచోట ఇనుప ఊచను మూరెడు లోతు దిగగొట్టి చూడవలెను. ఒక మనిషి చేతిబలముతోనే ఊచ దిగినచో ఆ చోటు ఇంకను పచ్చిగా నున్నదని గ్రహింపవలెను. బోదెల ప్రక్కలను, మడి పల్లపు మూలలను ఈ పరీక్ష తప్పక చేయవలెను.

ఏప్రిలులో చేసిన విధము

2023 ఏప్రిలు రెండవ వారములో, కౌలుదారు మినుము ఇంటికి చేరిన పిమ్మట, ఆతనిని అడిగి, ఆతడు చూపిన గట్టువెంటనే దారి ఏర్పఱచితిమి. ఉపయోగించిన సామగ్రి యిది: ఐదు సెంటీమీటర్ల దళసరి, 30 సెంటీమీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు గల బల్లలు పండ్రెండు, బోరునకు వాడు నాలుగంగుళముల ఇనుపగొట్టములను మూడేసి మీటర్లకు కోసిన ముక్కలు తొమ్మిది, పెట్టెకన్న కొంచెము పొడవైన తాటిదూలములు రెండు, జాకీలు రెండు, చేతితో నడపు వించి ఒకటి, కప్పీ ఒకటి, మోకులు, పలుగులు. మనుష్యులు పండ్రెండుగురు.

మొదట పెట్టెను మట్టినుండి విడిపించితిమి. నాలుగు మూలలను త్రవ్వి, జాకీ క్రింద వెడల్పుబల్ల వేసి, ఒక్కొక్క మూలను కొంచెము కొంచెముగా ఎత్తితిమి. బల్ల లేనిచో పెట్టె లేవదు, జాకీయే నేలలోనికి దిగును. ఎత్తిన ప్రతి రెండంగుళములకును దిగువ చెక్కదిమ్మెలు పేర్చితిమి. జాకీ జాఱినను పెట్టె రెండంగుళములకన్న పడరాదని దీని యుద్దేశము.

పిమ్మట రెండు తాటిదూలములను పెట్టె నిలువుటంచుల క్రిందికి చేర్చి గట్టిగా కట్టితిమి. వాని ముందుకొనలను పడవముక్కువలె పైకి చెక్కియుంటిమి. దూలముల క్రింద గొట్టములు, గొట్టముల క్రింద రెండు వరుసల బల్లలు. దూలములు, గొట్టములతో కలిపి బరువు 2,700 కిలోలైనను, పెట్టె క్రింద రెండు వరుసల బల్లల వైశాల్యము 36,000 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 75 గ్రాములు. గొట్టము ఆనినచోట కొంత హెచ్చుగను, తక్కినచోట కొంత తక్కువగను పడునన్నది నిజమే. రెట్టింపు వేసికొన్నను అది నడచు మనుష్యుని పాదపు ఒత్తిడిలో సగమునకే వచ్చును. రెండు టన్నుల పెట్టె మనుష్యునికన్న తేలికగా నేలపై నడచినదని చెప్పిన విననివారు నమ్మరు, చూచినవారు నమ్మిరి.

గట్టి బల్లలపై గొట్టములు దొరలునపుడు బరువులో ఇరువదవ వంతు లాగిన చాలును. అనగా 135 కిలోలు. దారి ఇరువది అడుగులకు ఒక అడుగు చొప్పున ఎగువయైనచో మఱి యంత చేర్చవలెను. కదలు కప్పీ నొకదానిని వేసినచో చేతికి పడు బలము సగమగును, కాని మోకు రెట్టింపు దూరము లాగవలసివచ్చును. పొలము నడుమ వించిని కట్టుటకు చెట్టులేదు. నడుములోతు గోయి తీసి, అందులో నొక దుంగను అడ్డముగా పరుండబెట్టి, దాని నడుమ మోకు కట్టి, ఏటవాలుగా పైకి తెచ్చి, మట్టి పూడ్చి దిమ్మెస చేసితిమి. అది పని ముగియువఱకు కదలలేదు.

పెట్టె ముందుకు పోవుకొలది వెనుక విడుదలయైన గొట్టమును, బల్లను ఎత్తి ముందునకు చేర్చుటయే పని. గొట్టమును చేతితో పట్టి పెట్టె క్రింద నుంచరాదు, వ్రేళ్లు నలుగును. గొట్టపు రంధ్రములో కఱ్ఱ దూర్చి మోసి, కఱ్ఱతోనే సరిచేయవలెను. పెట్టె ప్రక్కకు తిరుగవలసినపుడు ముందు గొట్టముల కొనలను సుత్తితో కొట్టి తిరుగవలసిన దిక్కునకు ఓరగా నుంచితిమి. నడుమనున్న బోదెలో తూము గొట్టము వేసి ఇసుకబస్తాలతో పూడ్చి, దాటిన వెంటనే తీసివైచితిమి. కోసిన గట్టును ఆనాడే కట్టితిమి. తెల్లవాఱుజామున మొదలుపెట్టిన పని, ఎండ ముదురకమునుపే పదునొకండు గంటలకు ముగిసెను.

ప్రాణభయము గల తావులు

ఈ పనిలో నాలుగు తావుల ప్రాణాపాయము కలదు. మొదటిది మోకు. బిగిసిన మోకు తెగినపుడు రెండు వైపులకును కొట్టును. సాగుడు గల నైలాను మోకు తీగమోకుకన్న హెచ్చుగా కొట్టును. మోకు పొడవెంతయో అంత దూరములో పనిలేనివారెవ్వరును ఉండరాదు. దానిని దాటుచు నడువరాదు. నడుమ తడిసిన గోనెబస్తాలనో, దళసరి పట్టానో వ్రేలాడవేసినచో తెగిన కొస విసురు తగ్గును.

రెండవది ట్రాక్టరు. దానిచేత లాగింపవలసివచ్చినపుడు వెనుక దిగువ నుండు లాగుడుపట్టెకే గొలుసు తగిలింపవలెను. ఇరుసుకన్న ఎత్తున కట్టినచో ముందుచక్రములు లేచి యంత్రము వెనుకకు తిరగబడును. నడుపువాడు దూకుటకైనను వ్యవధి యుండదు.

మూడవది ఎత్తిన పెట్టె. ఎంత చిన్న పనికైనను దాని క్రిందికి చేయిగాని తలగాని పోనీయరాదు. నాలుగవది కరెంటు తీగలు. పొలములలో తీగలు వ్రేలాడుట మనము చూచుచునే యున్నాము. క్రేను చేయి తీగను తాకనక్కరలేదు, సమీపించినను ప్రమాదమే. తీగల దగ్గర పనియున్నచో ముందుగా విద్యుచ్ఛాఖవారికి తెలిపి సరఫరా ఆపింపవలెను.

ఇంకొక మాట. ఆజ్ఞ ఇచ్చువాడు ఒక్కడే యుండవలెను. రథోత్సవమున చక్రముల ప్రక్క నిలిచి కేక వేయు పెద్ద ఒక్కడే యుండుట మనము ఎఱిగినదే. "ఆపు" అను మాటను మాత్రము ఎవ్వరైనను అనవచ్చును; అన్నంతనే అందఱును ఆపవలెను. డిసెంబరులో మాకు ఆజ్ఞ ఇచ్చువారు పదిమంది, ఆపుమనువాడు ఒక్కడును లేడు.

నేలకు కలిగిన హాని

మోకు ధర తెలియును. నేల ధర తెలియదు. ట్రాక్టరు చక్రములు పోయిన చోట మినుము పోవుట కంటికి కనబడిన నష్టము. అంతకన్న పెద్దది మట్టి క్రింద నున్నది. ఏటేట దమ్ముచేయుటవలన మాగాణిలో జానెడు లోతున ఒక గట్టిపొర ఏర్పడి నీటిని నిలుపును. మోకాలిలోతు చక్రపుజాడలు ఆ పొరను చీల్చినవి. 2023 సార్వాలో ఆ పట్టెలోని నీరు ఇంకిపోవుచుండుటచే కౌలుదారు తక్కిన మడికన్న తఱచుగా తడి పెట్టవలసివచ్చెను. జాడల ప్రక్కన అణగిన మట్టిలో తరువాతి మినుము వేళ్లు దిగక మొక్క గిడసబాఱెను.

చక్రములోని గాలి ఒత్తిడి పైమట్టిని అణచును. ఇరుసుమీద పడు మొత్తము బరువు లోమట్టిని అణచును. పైమట్టిని దుక్కి సరిచేయును. లోతున అణగిన మట్టి ఏండ్ల తరబడి అట్లే యుండును. మఱియు మట్టి అణగుటలో హెచ్చుభాగము మొదటిమాఱు నడచినపుడే కలుగును. కావున బరువుబండి పొలమున దిగక తప్పనిచో పోవుటకును వచ్చుటకును ఒకే జాడను వాడవలెను. మడియంతయు త్రొక్కించుటకన్న ఒక పట్టెను విడిచిపెట్టుట మేలు.

కౌలుదారునకు మినుము నష్టమును, తరువాతి పంటలో తగ్గిన దిగుబడికి వెలను సంఘము చెల్లించినది. రెండు ట్రాక్టరుల బాడుగ, మడ్గార్డు, తెగిన మోకు, ఈ పరిహారము, అన్నియు కలిపిన మొత్తము ఏప్రిలులో అయిన ఖర్చునకు రెట్టింపు దాటెను. నాలుగు నెలలు ఆగుమని ఆతడు చెప్పిన మాట విని యుండినచో ఇందులో ఒక్క పైసయు అక్కఱలేకపోయెడిది.

నిలుపుట

పెట్టెను నిలుపుచోట నాలుగు మూలల క్రిందను వెడల్పైన అడుగుతో ఇటుకదిమ్మెలు కట్టి, నీటిమట్టము చూచి సమముగా నుంచవలెను. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు క్రుంగును. ఒక మూల క్రుంగినచో చట్రము మెలిపడి తలుపులు పట్టివేయును. అప్పుడు తలుపును బాదుట వ్యర్థము. క్రుంగిన మూలను ఎత్తి పలక వేసినచో తలుపు తనంతట వచ్చును. ఉక్కుపెట్టె వేసవిలో మిక్కిలి కాగును గనుక విత్తనములు దాచువారు పైన తాటాకు పందిరి వేసి, గాలి ఆడుటకు కిటికీలు పెట్టించుకొనవలెను. పెట్టెల కొయ్యనేలకు పురుగుమందులు పట్టించు వాడుక కలదు గావున తినుగింజలను నేరుగా దానిపై పోయరాదు.

సంఘ నిర్ణయము

ఈ యనుభవమునుబట్టి మా పాలకవర్గము రెండు తీర్మానములు చేసినది. బరువు ఏదైనను ఒకరి సాగులోనుండి పోవలసివచ్చినచో, భూమి ఆసామితోబాటు ఆ యేటి పంట పెట్టినవాని సమ్మతి వ్రాతమూలముగా పొందవలెననునది మొదటిది. బల్లలు, గొట్టములు, వించి, కప్పీలను సంఘపు గోదాములో నుంచి, సభ్యులకు బాడుగ లేకుండ ఎరువిచ్చుట రెండవది. పెట్టెలకే గాక, మోటారులు, ధాన్యపు యంత్రములు, బోరు సామానులు తరలించుటకును అవి పనికివచ్చును. తీసికొనిపోవువారు చిట్టాలో చేవ్రాలు చేసి, పని ముగియగనే మట్టి కడిగి తిరిగి అప్పగింపవలసినదిగా కోరుచున్నాము. తొలిసారిగా వాడువారికి పని చూపుటకు, ఆనాడు ట్రాక్టరు నడిపిన యువకుడే వచ్చుటకు ఒప్పుకొనియున్నాడు.